టీవీలో కోడిపందెం, గిన్నెలో చీటీ

నాలుగేళ్ళకోసారి వచ్చే ఆ నవంబరు మంగళవారం రాత్రి మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఎవరో ఒకరింట్లో పోగవుతాం. తలా ఒక గిన్నె పట్టుకెళతాం. ఒకరు పులిహోర, ఒకరు గుత్తివంకాయ, తీరికలేని డాక్టరు దారిలో కొన్న పిజ్జా. పిల్లల్ని బేస్‌మెంటులోకి తోలేసి టీవీ గొంతు పెంచుతాం. ఇక అక్కణ్ణుంచి పెన్సిల్వేనియాలో ఏ కౌంటీలో ఎన్ని ఓట్లు లెక్కయ్యాయో, ఇంకా ఎన్ని మిగిలాయో మనవాళ్ళు ఎక్కాలు అప్పజెప్పినట్టు చెబుతారు. ఆ కౌంటీల మొహం చూసిన పాపాన పోలేదు ఎవరూ. 270 అంకె మాత్రం పదేళ్ళ పిల్లాడిక్కూడా వచ్చు.

2024లో అలాంటి రాత్రే, ప్రకటనలు వస్తున్న రెండు నిమిషాల సందులో, మేము ఒక చిన్న ప్రశ్న వేశాం. మన పిల్లలు చదివే బడుల్ని నడిపే స్కూలు బోర్డులో ఒక్కరి పేరు చెప్పండి అని. గదిలో పెద్దవాళ్ళం పదహారుమందిమి. అందులో ఏడుగురం డాక్టర్లం. ఒక్కరూ నోరు విప్పలేదు. ప్రశ్న వేసిన మాకూ జవాబు తెలియదు. అంచేత ఈ వ్యాసంలో ఎక్కడైనా కోపం కనబడితే, అందులో సగం మామీదేనని పాఠకులు గ్రహించాలి.

ముందుగా ఒక మాట. మన సంఘం పన్ను మినహాయింపు ఉన్న సంఘం. ఫలానా అభ్యర్థికి వెయ్యండి, ఫలానా ఆయనకి వెయ్యకండి అని ఈ పేజీల్లో రాయకూడదు. మేము రాయం. మా తగువు అభ్యర్థులతో కాదు. ఎన్నికల్ని మనం చూసే తీరుతోనూ, మనకి వాటిని చూపించే టీవీతోనూ.

ఈ దేశపు విలేఖరులు తమ ఎన్నికల వార్తల్ని తామే గుర్రప్పందెమని వెక్కిరించుకుంటారు. గుర్రప్పందేలు మనలో ఎంతమంది చూశారో తెలియదుగానీ, గోదావరి జిల్లాలవాళ్ళకి సంక్రాంతి కోడిపందెం తెలుసు. బరిలో ఏ కోడి లేచింది, ఏది వాలింది, ఎవరు ఎంత కాశారు, అంతే. ఆ కోడి గెలిస్తే ఊళ్ళో బడికి పైకప్పు వస్తుందా అని ఎవరూ అడగరు. టీవీవాళ్ళకి ఈ పద్ధతి ఎందుకు నచ్చుతుందో ఊహించటం కష్టం కాదు. ఆసుపత్రుల ఖర్చుమీద ఒక అభ్యర్థి విధానం మార్చిలో ఎలా ఉందో అక్టోబరులోనూ అలాగే ఉంటుంది, దాంట్లో రోజుకో వార్త పుట్టదు. ఎవరు ముందున్నారన్నది మాత్రం పూటపూటకీ మారుతుంది. పూటపూటకీ మారేది ఉంటే జనం టీవీ కట్టెయ్యరు. కట్టెయ్యకపోతే ప్రకటనలు అమ్ముడుపోతాయి.

మాకు ఆశ్చర్యం టీవీవాళ్ళమీద కాదు, మనమీద. మనలో చాలామందిమి లెక్కలతో, పరీక్షలతో బతికేవాళ్ళం. ఒక రోగికి నిన్న హిమోగ్లోబిన్ 11.2 ఉండి ఇవాళ 11.4 వస్తే, రక్తం పెరిగిందని పండగ చేసుకునే డాక్టరు ఉంటాడా? యంత్రంలోనే అంత ఊగిసలాట ఉంటుందని హౌస్‌సర్జన్ కుర్రాడికి కూడా తెలుసు. అదే మనం సాయంత్రం ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చునేసరికి, ఒక అభ్యర్థి 46 నుంచి 47కి పెరిగాడంటే కుర్చీ అంచుమీదకి జరుగుతాం. వెయ్యిమందిని అడిగి చేసిన సర్వేలో ఒక్కొక్క అంకె మూడేసి శాతం అటూ ఇటూ ఊగవచ్చు. దీన్నే మార్జిన్ ఆఫ్ ఎర్రర్ అంటారు, తెర అడుగున చీమంత అక్షరాల్లో వేస్తారు. అందులో చెప్పనిది ఇంకొకటుంది. ఇద్దరి మధ్య తేడాకి ఆ ఊగిసలాట దాదాపు రెట్టింపు. అంటే 48కి 46 అని చూపించి ‘రెండు పాయింట్ల ఆధిక్యం’ అని అరిచే మనిషికి, నిజానికి ఎవరు ముందున్నారో తెలియదు. తెలియదని చెబితే అతని ఉద్యోగం పోతుంది.

ఆ మూడు శాతం కూడా మచ్చుకి ఎవరు దొరికారన్న అదృష్టానికి సంబంధించిన లెక్కే. ఫోను ఎత్తనివాళ్ళ సంగతి అందులో ఉండదు. ప్యూ పరిశోధనా కేంద్రంవారు తమ ఫోను సర్వేల గురించి తామే చెప్పిన మాట: 1997లో నూటికి 36మంది జవాబిచ్చేవారు, 2018కి ఆ సంఖ్య ఆరుకి పడిపోయింది. నూరుమందికి మందిచ్చి, ఆరుగురే మళ్ళీ చూపించుకోవటానికి వస్తే, ఆ ఆరుగుర్నిబట్టి మందు పనిచేసిందని ఏ పత్రికకైనా వ్యాసం పంపగలమా? సర్వే చేసేవాళ్ళు ఈ లోపాన్ని సర్దటానికి వయసు, చదువు, జాతినిబట్టి లెక్కలు సవరిస్తారు, నిజాయితీగానే సవరిస్తారు. కానీ సవరణ సవరణే. 1936లో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటిమందికి కార్డులు పంపి, ఇరవై లక్షలకు పైగా జవాబులు రాబట్టి, లాండన్ గెలుస్తాడని చాటింది. పేర్లు తీసింది టెలిఫోను పుస్తకాల్లోంచి, కార్లున్నవాళ్ళ జాబితాల్లోంచి. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. రెండేళ్ళకి ఆ పత్రికే మూతపడింది. ఇది మనం చదువుకున్న గణాంకశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఉన్న కథే. పరీక్షకి రాశాం, మరిచిపోయాం.

ఇంకొక పదముంది, ‘ఎక్స్‌పెక్టేషన్స్’. పార్టీలోపలి ప్రాథమిక ఎన్నికల కాలంలో ఇది మహా మాయ చేస్తుంది. అభ్యర్థికి ఎన్ని ఓట్లు వస్తాయని విలేఖరులు అనుకున్నారో దానికంటే ఎక్కువొస్తే గెలిచినట్టు, తక్కువొస్తే ఓడినట్టు. 1968లో న్యూహాంప్‌షైర్‌లో అధ్యక్షుడు జాన్సన్‌కి దాదాపు 50 శాతం, మెకార్తీకి 42 శాతం వచ్చాయి. ఎక్కువొచ్చిన జాన్సన్ ఓడినట్టు రాశారు. ఆ నెలాఖరుకి ఆయన పోటీలోంచి తప్పుకున్నాడు. 1976లో అయోవాలో డెమొక్రాట్ల సమావేశాల్లో అందరికంటే ఎక్కువ మద్దతు వచ్చింది ‘ఇంకా ఎవర్నీ ఎంచుకోలేదు’ అన్న గడికి. రెండోస్థానం కార్టర్‌ది. మర్నాటి పత్రికల్లో విజేత కార్టర్. ‘ఎవరూ కాదు’ గారికి ఫోటో లేదుకదా, మొదటి పేజీలో ఏం వేస్తారు పాపం! 1992లో న్యూహాంప్‌షైర్‌లో గెలిచింది సాంగస్, కథానాయకుడయింది రెండోస్థానంలో వచ్చిన క్లింటన్. సాంగస్ పేరు మనలో ఎందరికి గుర్తుంది? ఈ పద్ధతి మన ఇళ్ళల్లో పిల్లల మార్కుల దగ్గర కూడా ఉందనుకోండి. తొంభై ఆరు తెచ్చిన పిల్ల ఏడుస్తుంది, డెబ్భై తెచ్చినవాడికి ఐస్‌క్రీం కొనిపెడతాం. అది వేరే వ్యాసం.

అసలు గందరగోళమంతా ‘కాల్’ అన్న మాట దగ్గరుంది. ఇండియానుంచి వచ్చిన మనకి ఎన్నికల సంఘమనేది ఒకటుంటుందని, అది ఫలితం ప్రకటిస్తుందని అలవాటు. శేషన్‌గారి రోజులు చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళ నోట విన్నవాళ్ళం. ఇక్కడ అలాంటి సంఘం లేదు. ఫెడరల్ ఎన్నికల కమిషన్ అనే పేరుతో ఉన్నది చూసేది ప్రచారంలో పెట్టే డబ్బు లెక్కలు. ఓట్లు లెక్కించేది కౌంటీలు, ఊళ్ళు. ఖరారు చేసేది రాష్ట్రాలు. ఎలక్టర్లు డిసెంబరులో ఓటేస్తారు, జనవరి 6న కాంగ్రెసు ఆ ఓట్లు లెక్కపెడుతుంది. ఆ రాత్రి పదకొండు గంటలకి టీవీలో గంట కొట్టి ఒకాయన చెప్పేది లెక్కలు తెలిసినవాళ్ళు వేసిన అంచనా. చాలాసార్లు సరైన అంచనాయే. అసోసియేటెడ్ ప్రెస్ 1848నుంచీ ఓట్లు కూడి చెబుతోంది, వాళ్ళ పనిమీద మాకు గౌరవముంది. కానీ అంచనాకీ, తీర్పుకీ తేడా మరిచిపోతే ఏమవుతుందో రెండుసార్లు బాగా చూశారు ఈ దేశం వాళ్ళు.

1980లో ఎన్.బి.సి. వాళ్ళు తూర్పు తీరంలో రాత్రి ఎనిమిదింబావుకే రీగన్ గెలిచాడన్నారు. కాలిఫోర్నియాలో అప్పటికి సాయంత్రం అయిదుంబావు, పోలింగు ఇంకా దాదాపు మూడుగంటలుంది. పని దిగి ఓటుకి వెళ్ళాల్సినవాడు కారులో రేడియో విని ఇంటికి తిప్పుకోడా? అధ్యక్షుడి ఓటొక్కటే కాదుకదా ఆ కాయితంమీద ఉండేది, ఊరి పన్నులనుంచి జడ్జీలదాకా ఉంటాయి. తరువాత టీవీ సంస్థలు, ఒక రాష్ట్రంలో పోలింగు అయ్యేదాకా ఆ రాష్ట్రం ఫలితం చెప్పమని మాటిచ్చాయి. 2000లో ఫ్లారిడాలో ఆ మాట తప్పాయి. పశ్చిమ ఫ్లారిడా గడియారం ఒక గంట వెనక ఉంటుంది. అక్కడ ఇంకా పది నిమిషాలు పోలింగు ఉండగానే రాష్ట్రం గోర్‌దన్నారు. రెండుగంటల తరువాత నాలిక కరుచుకున్నారు. తెల్లవారుజామున రెండు దాటాక బుష్‌దన్నారు. గోర్ ఫోను చేసి ఓటమి ఒప్పుకుని, మళ్ళీ ఫోను చేసి ఒప్పుకోలేదన్నాడు. నాలుగు గంటలకల్లా అదీ వెనక్కి తీసుకున్నారు. చివరికి తేడా 537 ఓట్లు, దాదాపు అరవై లక్షల ఓట్లలో. డిసెంబరు 12న సుప్రీంకోర్టు ముగించేదాకా సాగింది. ఇండియాలోనైతే 2009లో చట్టం సవరించి, చివరి విడత పోలింగు ముగిసేదాకా ఎగ్జిట్ పోల్ బయటపెట్టకూడదన్నారు. ఇక్కడ పత్రికాస్వాతంత్ర్యం అలాంటి చట్టాన్ని బతకనివ్వదు. ఏది మంచిదన్న వాదన భోజనాల దగ్గర పెట్టుకుందాం.

మన వర్జీనియా సంగతికి వద్దాం. 2024లో టీవీవాళ్ళు ఏడు రాష్ట్రాల చుట్టూ తిరిగారు. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడా. స్వింగ్ స్టేట్స్ అంటే అవి. ఎలక్టోరల్ కాలేజీ లెక్కలో తూగేవి అవే కనుక కెమెరాలు అక్కడే. ఆ జాబితాలో మన రాష్ట్రం లేదు. లేదు కనుక మన ఓటుకి విలువ లేదని మనవాళ్ళు తీర్మానించుకున్నారు. ఇంతకంటే పెద్ద పొరపాటు లేదు. ఎందుకంటే వర్జీనియా తన సొంత ఎన్నికలు బేసి సంవత్సరాల్లో పెట్టుకుంటుంది. రాష్ట్ర ప్రతినిధుల సభలో నూరు స్థానాలకీ ప్రతి బేసి సంవత్సరం ఎన్నికే. గవర్నరు ఎన్నిక కూడా అధ్యక్ష ఎన్నిక అయిన మరుసటేడు. ఆ ఏళ్ళలో మన ఇళ్ళల్లో గిన్నెలు పోగవవు, పిజ్జాలు రావు.

2017 నవంబరు 5, ఆదివారం. కార్తీక వనభోజనాలు. మేము న్యూపోర్ట్ న్యూస్ వచ్చి అప్పటికి రెండేళ్ళు. పార్కులో ఉసిరిచెట్టు లేదు కనుక ఓక్ చెట్టుకింద ఆకులు పరిచాం. భోజనాలయ్యాక మగవాళ్ళం మూడు గంటలు రాజకీయాలు మాట్లాడాం. అధ్యక్షుడు ఆ వారం ఏమన్నాడు, దానికి ఏ ఛానెల్ ఏమంది. ఎల్లుండి మంగళవారం మన ఊళ్ళోనే ఎన్నిక ఉందని ఒక్కరూ అనలేదు.

ఆ రోజుల్లో మేము చూసే రోగుల్లో ఒకావిడ ఉండేది. వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించే ఉద్యోగం. యాభై దాటింది, పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు. రోజూ ఇన్సులిన్ కావాలి. ఆవిడ సీసా నెలరోజులు రావాలని సగం సగం వేసుకునేది. ఏడాదిలో రెండుసార్లు కీటోయాసిడోసిస్‌తో వచ్చి పడింది. బతికించి పంపాం, బిల్లు ఆవిడ చేతిలో పెట్టారు. అప్పట్లో వర్జీనియాలో వైకల్యం లేక, ఇంట్లో చిన్నపిల్లలు లేని మనిషి ఎంత పేదరాలైనా మెడికెయిడ్‌కి అర్హురాలు కాదు. అర్హత పెంచుకోవటం, మానుకోవటం రాష్ట్రాల ఇష్టమని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. కనుక ఆవిడ ఇన్సులిన్ సంగతి తేల్చేది వాషింగ్టన్ కాదు, రిచ్‌మండ్‌లో ఉన్న ఆ నూరుమంది, సెనేట్‌లో నలభైమంది. మనం మూడు గంటలు మాట్లాడిన మాటల్లో ఆ నూరుమందిలో ఒక్కడి పేరూ లేదు.

మంగళవారం ఎన్నిక జరిగింది. మా ఊళ్ళోనే ఉన్న 94వ నియోజకవర్గంలో యాన్సీ పది ఓట్లతో ముందున్నాడు. డిసెంబరు 19న మళ్ళీ లెక్కపెడితే సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచింది. మర్నాడు ముగ్గురు జడ్జీలు, రెండు గడులూ నింపి ఒకదానిమీద గీతకొట్టిన ఒక కాయితాన్ని యాన్సీ ఖాతాలో వేశారు. ఇద్దరికీ 11,608. సరిసమానం. 2018 జనవరి 4న రిచ్‌మండ్‌లో, ఇద్దరి పేర్లూ చెరొక ఫిల్ముడబ్బాలో పెట్టి, ఒక పింగాణీ గిన్నెలో వేసి, ఒకటి పైకి తీశారు. యాన్సీ పేరొచ్చింది. దాంతో సభ 51కి 49. చీటీ రెండోదైతే యాభైకి యాభై. సభలో పెత్తనం ఎవరిదన్నది గిన్నెలో చెయ్యిపెట్టి తేల్చారు!

మాలో ఒక జంట ఉన్నారు. ఇద్దరికీ పౌరసత్వం ఉంది. ఇల్లు సరిగ్గా ఆ 94లోనే. ఆ మంగళవారం ఆయనకి డ్యూటీ, ఆవిడకి పిల్లాడి వయొలిన్ క్లాసు. పోలింగు పొద్దున్న ఆరింటినుంచి సాయంత్రం ఏడుదాకా ఉంది, వెళ్ళలేదు. ఎన్నికుందని పెద్దగా గుర్తూ లేదు. గిన్నె వార్త వచ్చిన రోజు రాత్రి ఆయన మాకు ఫోను చేశారు. “ఏమోయ్, చూశావా? మేమిద్దరం వెళ్ళుంటే గిన్నె అక్కర్లేకపోయేది” అన్నారు. వెనకనుంచి ఆవిడ, “ఆఁ, మీరొకరికీ నేనొకరికీ వేసేవాళ్ళం, మళ్ళీ గిన్నే వచ్చేది” అన్నారు. నవ్వుకున్నాం. ఫోను పెట్టేశాక నవ్వు రాలేదు.

ఇక్కడ ఒక సంగతి నిజాయితీగా చెప్పాలి. మెడికెయిడ్ భవిష్యత్తు ఆ చీటీ ఒక్కటే తేల్చలేదు. ఆ ఏడు ఎన్నికల్లో సభలో 66కి 34గా ఉన్న బలాబలాలు 51కి 49 అయ్యాయి, పదిహేను స్థానాలు చేతులు మారాయి. ఆ వేడికి, అప్పటిదాకా కుదరదన్న పార్టీలోనే కొందరు మనసు మార్చుకున్నారు. 2018 జూన్‌లో చట్టం సంతకమైంది, 2019 జనవరి 1నుంచి అమలు. దాదాపు నాలుగు లక్షలమందికి అర్హత వచ్చింది. మా రోగికీ వచ్చింది. ఆ తరువాత ఆవిడ మా దగ్గరికి ఆంబులెన్సులో రాలేదు, అపాయింట్‌మెంటు తీసుకుని నడిచి వచ్చింది. ఆ పదిహేను స్థానాల గురించి 2017 అక్టోబరులో ఏ జాతీయ ఛానెల్ మనకి ఎంతసేపు చెప్పింది? మేమైతే చూసిన గుర్తు లేదు. చెప్పలేదని వాళ్ళని తిట్టవచ్చు. కానీ ఊరి పత్రిక, మేము చందా కట్టనిది, రోజూ రాసింది.

ఇక మనవాళ్ళ సాకులు. ‘మాకింకా గ్రీన్ కార్డే రాలేదు, ఓటెక్కడిది’ అంటారు. నిజమే. మాలో సగంమంది ఆ క్యూలోనే తలనెరుస్తున్నారు. వాళ్ళకి ఒక హెచ్చరిక: డ్రైవింగ్ లైసెన్సు కాయితాల్లో పౌరులమన్న గడి పొరపాటున కూడా నింపకండి, దేశంలో ఉండే హక్కుకే ముప్పు. కానీ స్కూలు బోర్డు సమావేశంలో లేచి మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. అక్కడ మైకు ముందు నిలబడటానికి వీసా ముద్ర అక్కర్లేదు. ‘డ్యూటీ ఉంది’ అన్న సాకు 2020నుంచీ చెల్లదు. వర్జీనియాలో ఎన్నికకి నలభై అయిదు రోజుల ముందునుంచే, కారణం చెప్పకుండా వెళ్ళి ఓటేసి రావచ్చు. ‘రాజకీయం మురికి’ అన్నవాళ్ళతో మేము వాదించం. ఆ రాత్రి టీవీ ముందు తెల్లవారుజామున రెండింటిదాకా కూర్చున్నది వాళ్ళే.

అన్నిటికంటే మాకు బాధ కలిగించేది ‘మన అమ్మాయి’ గోల. 2024లో ఒక పార్టీ అభ్యర్థి తాతగారి ఊరు తమిళనాట వెతికారు. రెండో పార్టీ ఉపాధ్యక్ష అభ్యర్థి భార్య ఉషగారి పూర్వీకుల ఊరు పశ్చిమగోదావరి జిల్లా వడ్లూరని తెలిసి మన తెలుగు ఛానెళ్ళు అక్కడికి పరుగెత్తాయి. ఊరివాళ్ళ సంతోషాన్ని మేము తప్పుపట్టం. కానీ అక్కడ తీసిన వీడియో తిరిగి తిరిగి వర్జీనియాలో మన ఫోనుల్లోకి వచ్చి, దాన్నే మనం అమెరికా రాజకీయమనుకుంటే ఎలా? హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీ 2019లో, అదీ బేసి సంవత్సరంలోనే, రిచ్‌మండ్ ప్రాంతంనుంచి రాష్ట్ర సెనేట్‌కి గెలిచారు. 2025లో లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు. 2019లో ఆవిడ ఇంటింటికీ తిరుగుతున్నప్పుడు మనకి పేరు తెలియదు. గెలిచిన మర్నాడు ‘మన హైదరాబాదీ’ అని ఫోటోలు పంపుకున్నాం. ఆవిడకి వెయ్యాలా వద్దా అన్నది మా ప్రశ్న కాదు. ఆవిడ ఆసుపత్రుల గురించి ఏమన్నారు, ప్రత్యర్థి ఏమన్నాడు, అది ఎవరైనా చదివారా?

మా కోరిక ఈ పత్రిక సంపాదకులకి. మన పత్రిక చివరి పేజీలో సత్యనారాయణ వ్రతాల తేదీలు, సంగీతం క్లాసుల వివరాలు, అద్దెకిచ్చే ఇళ్ళు వేస్తున్నారు. ప్రతి ఏడూ, బేసి సంవత్సరాల్లో మరీ ముఖ్యంగా, అక్టోబరు సంచికలో ఆ పేజీలో సగం ఖాళీ ఉంచండి. మన కౌంటీల, ఊళ్ళ ఓటు కాయితం నమూనా రిజిస్ట్రారు కార్యాలయంవారు ముందుగానే ఇస్తారు. దానిమీద ఉన్న ప్రతి పదవి పేరూ, ఆ పదవి చేసే పని రెండు లైన్లూ, పోటీచేసేవాళ్ళ పేర్లూ అక్షరక్రమంలో, ఏ మెప్పూ ఏ తిట్టూ లేకుండా వెయ్యవచ్చు. దానికి చట్టం అడ్డురాదు. ఓటు నమోదుకి ఆఖరు తేదీ పైన పెద్ద అక్షరాల్లో. ఆ సగం పేజీ రాసి, టైపుచేసి, తప్పులు దిద్ది ఇచ్చే పని మాది. మా ఆవిడ అక్షరక్రమం సరిచూస్తానంది. స్కూలు బోర్డు సభ్యుల పేర్లు ఆవిడ ఇప్పటికే రాసి ఫ్రిజ్‌మీద అంటించింది.